ఛార్టర్ బోటుకు ఒక సీజన్: తీరజలాల నుంచి లోతు సముద్రం దాకా గాలపు వేట

డబ్బు తీసుకుని అతిథులను గాలపు వేటకు తీసుకెళ్ళే ఛార్టర్ బోటు నడిపేవారిలో చాలామందికి లోతు సముద్రపు వేటే అసలు వేట. గాలి ఎక్కువై బయటికి వెళ్ళలేని రోజున మాత్రమే మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) లోపలికో, మడ అడవుల పాయల్లోకో బోటు తిప్పుతారు, అదీ అయిష్టంగా. ఆ అయిష్టం అతిథులకు ఇట్టే తెలిసిపోతుంది. రెండు వేటలనూ సమానమైన శ్రద్ధతో నేర్చుకుని, రెండింటికీ సరంజామా సిద్ధంగా ఉంచుకుని, ఈ రోజు ఏ నీళ్ళలోకి వెళ్ళాలన్న ప్రశ్నకు ప్రతి తెల్లవారుజామునా నిజాయతీగా జవాబు చెప్పుకోగలిగిన బోటుకే సీజన్ నిండుగా సాగుతుందని నా నమ్మకం. ఆ జవాబు చెప్పుకోవడానికి కావలసిన పనులను, అవి జరిగే వరుసలోనే, ఇక్కడ వివరిస్తున్నాను.

బోటు నీటిలోకి దిగకముందు

మొదటి యాత్రకు కనీసం నెల ముందు ఇంజిన్ పని మొదలుపెట్టాలి. ఏదైనా విడిభాగం వెంటనే దొరక్కపోతే తెప్పించుకోవడానికి ఆ నెల గడువు ఉపయోగపడుతుంది. బోటు వెనుక బయట బిగించే ఔట్‌బోర్డ్ ఇంజిన్లకు సాధారణంగా 100 గంటల నడక పూర్తయినా, ఏడాది గడిచినా, ఏది ముందైతే అప్పుడు ఆయిలూ ఆయిల్ ఫిల్టరూ మార్చాలి. కింది గేరు పెట్టెలోని ఆయిల్‌ను కొద్దిగా వదిలి చూడండి. అది పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే సీలు దాటి నీరు చేరిందని అర్థం, ఆ స్థితిలో బోటు కదపకూడదు. చల్లబరిచే నీటిపంపులోని రబ్బరు ఇంపెల్లర్ (రెక్కల చక్రం) పైకి బాగున్నట్టు కనిపించినా ఏడాదికొకసారి మార్చేయడం మంచిది. తుప్పును తామే భరించి మిగతా లోహాన్ని కాపాడే యానోడ్ దిమ్మలు సగానికి అరిగితే కొత్తవి బిగించాలి. ఇంధనంలోని నీటిని వేరుచేసే ఫిల్టర్‌ను సీజన్ మొదట్లో మార్చి, అదే రకం ఫిల్టర్ ఇంకొకటి బోటులో ఎప్పుడూ ఉంచుకోవాలి.

బోటు అడుగున చేరే నీటిని బయటికి తోడే బిల్జ్ పంపు గురించి కాస్త విడిగా చెప్పాలి. ఒక సీజన్ ఆరంభంలో నేను మీట నొక్కి, పంపు తిరుగుతున్న చప్పుడు విని సరిపెట్టుకున్నాను. నీటిమట్టం పెరిగినప్పుడు దానంతటదే పంపును నడిపించే ఫ్లోట్ స్విచ్ కింద నైలాన్ లైను ముక్క ఒకటి ఇరుక్కుని ఉందని, తీరానికి 20 మైళ్ళ దూరంలో బోటు వెనుక భాగం బరువెక్కినట్టు అనిపించి మూత తెరిచాక గాని తెలియలేదు. ఆనాటి నుంచి మీటను నమ్మడం మానుకున్నాను. బకెట్టుతో నీళ్ళు పోసి, స్విచ్ తేలి, పంపు మొదలై, నీళ్ళు బయటికి పోయి, పంపు మళ్ళీ ఆగేదాకా అక్కడే నిలబడి కళ్ళతో చూస్తాను.

బోటు ఎక్కే ప్రతి మనిషికీ, పిల్లలకు పిల్లల కొలతలోనూ, లైఫ్ జాకెట్ ఉండాలి. వీహెచ్ఎఫ్ రేడియోలో ఆపద పిలుపులకు కేటాయించిన 16వ ఛానల్ పనిచేస్తోందో లేదో ఒడ్డున ఉండగానే చూసుకోవాలి. ఉపగ్రహానికి 406 మెగాహెర్ట్జ్‌లో సంకేతం పంపే ఆపద బీకన్ మీ బోటు పేరున నమోదై ఉండాలి, దాని బ్యాటరీ గడువు తీరకుండా ఉండాలి. లైసెన్సు, బీమా, చేపల కొలత పరిమితులు, రోజుకు ఎన్ని ఉంచుకోవచ్చన్న నియమాలు చోటును బట్టి వేరుగా ఉంటాయి, సీజన్ మధ్యలోనూ మారుతుంటాయి. అప్పటికి అమలులో ఉన్న నియమాల ప్రతి ఒకటి తడవని కవరులో బోటు మీదే ఉంచండి.

రీళ్ళు, లైన్లు, డ్రాగ్

తీరజలాలకు 10 నుంచి 20 పౌండ్ల బరువుకు తెగే బ్రెయిడ్ (అల్లిక) లైను చుట్టిన స్పిన్నింగ్ రీళ్ళు, సుమారు రెండు మీటర్ల తేలికపాటి రాడ్లు చాలు. లోతు సముద్రంలో ఎరను ఈడ్చే ట్రోలింగ్‌కు 30, 50 పౌండ్ల తరగతి రీళ్ళు, అడుగు వేటకు గట్టి రాడ్లతో ఇంకో జత అవసరం. బ్రెయిడ్ దాదాపు సాగదు కాబట్టి 80 మీటర్ల లోతున చేప ఎరను ముట్టినా చేతికి తెలుస్తుంది. నైలాన్ మోనో లైను సాగుతుంది కాబట్టి ట్రోలింగ్‌లో చేప ఒక్కసారిగా లాగినప్పుడు ఆ కుదుపును తానే మింగుతుంది. దేని గుణం దానిది. చివరన కట్టే ఫ్లోరోకార్బన్ లీడర్ నీటిలో తక్కువగా కనిపిస్తుంది, రాళ్ళకూ గుల్లలకూ ఒరుసుకున్నా త్వరగా తెగదు.

చేప లాగినప్పుడు లైను వదులుతూనే దాన్ని బిగువుగా పట్టి ఉంచే రీల్ బ్రేకే డ్రాగ్. దాన్ని సరిచేయడం చేతి అంచనాకు వదిలే పని కాదు. రాడ్‌ను వేట సమయంలో పట్టుకునే వాలులోనే పట్టుకుని, లైను చివర స్ప్రింగ్ త్రాసు తగిలించి, సహాయకుడిని నెమ్మదిగా వెనక్కి నడవమనండి. రీల్ లైను వదలడం మొదలుపెట్టిన క్షణంలో ముల్లు ఎక్కడుందో చూడండి. లైను తెగే బలంలో 25 నుంచి 30 శాతం మధ్య అది ఉండాలి. అంటే 30 పౌండ్ల లైనుకు ఏడున్నర నుంచి తొమ్మిది పౌండ్లు. ముల్లు ఒక చోట నిలకడగా ఉండకుండా ఎగిరెగిరి పడుతుంటే డ్రాగ్ వాషర్లు అంటుకుంటున్నాయన్న మాట. రీల్ విప్పి శుభ్రం చేయవలసిందే. ఇంకొక సంగతి కొత్తవారికి తట్టదు. చేప లైను లాగేకొద్దీ స్పూలు మీద చుట్ట సన్నబడుతుంది, డ్రాగ్ మీట కదపకపోయినా లైను మీద పడే బిగువు పెరుగుతుంది. చుట్ట వ్యాసం సగమైతే బిగువు రెట్టింపవుతుంది. పెద్ద చేప దూరం పోయినప్పుడు కంగారుపడి డ్రాగ్ బిగించేవారి లైన్లు తెగడానికి కారణం ఇదే. ఆ సమయంలో కొద్దిగా వదులు చేయాలి.

రికార్డు మీద ఆశ ఉన్న అతిథులు వస్తే 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం నియమాలు ముందే వివరించాలి. చేప తగిలాక రాడ్‌ను, రీల్‌ను, ప్రధాన లైనును పట్టిన మనిషి తప్ప ఇంకొకరు తాకితే ఆ చేప రికార్డుకు చెల్లదు. సముద్రపు వేటలో 20 పౌండ్ల తరగతి దాకా లీడర్ 15 అడుగులు మించకూడదు, అంతకు పై తరగతులకు 30 అడుగులు మించకూడదు. సహాయకుడు సాయం చేయాలన్న మంచి ఉద్దేశంతోనే రాడ్ మీద చేయి వేస్తాడు, కాబట్టి ఈ మాట అతనికి మొదట చెప్పాలి.

సీజన్ పట్టిక వేసుకోవడం

చేపల రాకపోకలను నడిపేవి ముఖ్యంగా మూడు: నీటి వేడి, ఎరచేపల గుంపులు, గాలి. నీరు వేడెక్కుతున్నప్పుడు ఎరచేపలు తీరం వెంబడి కదులుతాయి, వాటి వెనుక వేటచేపలు వస్తాయి. గత సీజన్ల లాగ్‌బుక్ ఉంటే తేదీలను కాక నీటి ఉష్ణోగ్రతను చూసి పట్టిక వేయండి. తేదీ ఏటా ఒకటే అయినా నీరు ఒక ఏడు మూడు వారాలు ముందో వెనకో వేడెక్కుతుంది.

తర్వాత చంద్రుడు. అమావాస్య, పౌర్ణమి వచ్చిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా పొంగుతుంది, ఆటు బాగా లాగేస్తుంది, ప్రవాహం జోరుగా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో ఆ జోరు తగ్గుతుంది. మొగల దగ్గర, పాయల నోళ్ళ దగ్గర వేటకు జోరు నీరు మేలు, ఎందుకంటే ఎరచేపలను ప్రవాహమే బయటికి తోసుకువస్తుంది. లోతున అడుగు వేటకు అదే జోరు శత్రువు. ఎంత సీసం కట్టినా ఎర అడుగున నిలవదు, లైను వాలిపోతుంది. అందుకని అడుగు వేట యాత్రలను అష్టమి చుట్టూ, మొగ వేటలను అమావాస్య పౌర్ణమిల చుట్టూ పెట్టుకుంటే ఒకే నెలలో రెండూ ఫలిస్తాయి. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాల్లో ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి, ఈ రోజు ఉదయం ఆరింటికి పనికొచ్చిన చోటు రేపు ఆరు గంటల యాభై నిమిషాలకు పనికొస్తుంది. బయలుదేరే సమయాన్ని అలవాటును బట్టి కాకుండా దీన్ని బట్టి అతిథులకు చెప్పాలి.

బుకింగులు తీసుకునేటప్పుడే రెండు విషయాలు రాతపూర్వకంగా తెలియజేయండి. వాతావరణం వల్ల యాత్ర మానాలా, లోతు వేటను తీర వేటగా మార్చాలా అన్న తుది నిర్ణయం కెప్టెన్‌ది. మానితే ముందు కట్టిన డబ్బు ఏమవుతుందో కూడా అక్కడే ఉండాలి. వారానికి ఒక రోజు ఖాళీ ఉంచుకోవడం నష్టమనిపిస్తుంది గాని, మరమ్మతుకూ వాయిదా పడిన యాత్రకూ ఆ రోజే దిక్కు.

తెల్లవారుజామున తీసుకునే నిర్ణయం

సీజన్ మొత్తానికి ఇదే కీలకమైన పని. ముందురోజు సాయంత్రం వాతావరణ సూచన చూసి రెండు పథకాలు రాసుకోండి, ఉదయం తాజా సూచన చూసి ఒకటి కొట్టేయండి. సూచనలో అల ఎత్తును మాత్రమే చూసేవారు మోసపోతారు. రెండు మీటర్ల ఎత్తున్నా 12 సెకన్లకొకటి వచ్చే దొర్లు అలల మీద బోటు హాయిగా ఎక్కి దిగుతుంది. ఒక మీటరు ఎత్తే ఉన్నా నాలుగు సెకన్లకొకటి వచ్చే అలలు నిట్టనిలువుగా లేచి రోజంతా నడుం విరగ్గొడతాయి. పైగా సూచనలో చెప్పే ఎత్తు, అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు అలల సగటు. అందులో అప్పుడప్పుడు దాదాపు రెట్టింపు ఎత్తు అల కూడా వస్తుంది.

మొగ దాటడం గురించి విడిగా ఆలోచించాలి. ఆటు నీరు బయటికి ఉరుకుతూ ఉండగా గాలి ఎదురుగా లోపలికి వీస్తే, బయట సముద్రం నెమ్మదిగా ఉన్నా మొగలో మాత్రం అలలు కుదించుకుని గోడలా లేస్తాయి. ఉదయం వెళ్ళేటప్పుడు మొగ ఎలా ఉందన్నది సగం ప్రశ్నే. మధ్యాహ్నం తిరిగివచ్చే గంటకు ఆటు నడుస్తుందా, అప్పటికి గాలి ఎటు తిరుగుతుందన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు తెలియకుండా బయటికి వెళ్ళకూడదు.

ఇంధనాన్ని మూడు భాగాలుగా లెక్కపెట్టుకోండి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ముట్టకుండా ఉంచడానికి ఒకటి. ఎటు వెళుతున్నారో, ఎన్నింటికి తిరిగివస్తారో, ఆ సమయం దాటితే ఎవరికి ఫోన్ చేయాలో ఒడ్డున ఒకరికి రాసి ఇచ్చి వెళ్ళాలి. పథకం మారితే ఆ మార్పూ వారికి చేరాలి. లోతుకు వెళ్ళడం లేదని తేల్చుకున్నాక అతిథులకు ఉన్న కారణం ఉన్నట్టు చెప్పండి. మొగ దగ్గర తెల్లటి నురుగు చూపించి, తిరుగు ప్రయాణం ఎలా ఉంటుందో వివరిస్తే నొచ్చుకున్నవారిని నేను చూడలేదు.

తీరజలాల్లో

ఇక్కడ లోతు తక్కువ, చప్పుడు దూరం పోతుంది. చోటుకు చాలా ముందే ఇంజిన్ ఆపి, గాలికో ప్రవాహానికో కొట్టుకుపోతూ చేరాలి. లంగరును విసరకుండా చేత్తో దించాలి. పోలరైజ్డ్ కళ్ళజోడు పెట్టుకుంటే నీటి మెరుపు తొలగి అడుగున గడ్డి, ఇసుక, గుల్లల దిబ్బల హద్దులు కనిపిస్తాయి. వేటచేప నిలబడేది ఆ హద్దుల మీదే. పోటు ఎక్కుతున్నప్పుడు చేపలు మడ వేళ్ళ మధ్యకు, గట్ల మీదికి చేరతాయి. ఆటు తీస్తున్నప్పుడు పాయ నోటి దగ్గర, లోతు మొదలయ్యే అంచున, ప్రవాహానికి ఎదురు తిరిగి కాచుకుంటాయి. కాబట్టి ఎరను చేప వెనుక నుంచి లాగకూడదు. ప్రవాహానికి ఎగువన వేసి, నీరు మోసుకొచ్చినట్టు దాని ముందుకు రానివ్వాలి.

పోటూ ఆటూ సమవేగంతో సాగవు. ఆరు గంటల్లో మొదటి గంట నీటిమట్టం పన్నెండో వంతు, రెండో గంట రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు, ఆ తర్వాత మళ్ళీ రెండు, ఒకటి చొప్పున మారుతుందన్నది నావికుల పాత లెక్క. మధ్య రెండు గంటల్లోనే నీరు ఉరుకుతుంది, వేట కూడా అప్పుడే ఎక్కువ. నీరు నిలిచిపోయిన అరగంటలో అతిథులకు భోజనం పెట్టండి, లీడర్లు మార్చండి.

బతికిన ఎరతోనైనా కోసిన ఎరతోనైనా సర్కిల్ హుక్ వాడండి. దాని మొన లోపలికి తిరిగి ఉండటం వల్ల అది గొంతులో దిగకుండా జారివచ్చి నోటి మూలలో పట్టుకుంటుంది. అయితే దానికొక షరతు ఉంది: చేప ముట్టగానే రాడ్‌ను గట్టిగా గుంజకూడదు. లైను బిగిసేదాకా ఆగి, నిదానంగా రీల్ తిప్పాలి. అనుభవం ఉన్న అతిథులకే ఇది కష్టం, చేతులు అలవాటు ప్రకారం గుంజేస్తాయి. మొదటి గాలం వేయకముందే ఖాళీ లైనుతో రెండుసార్లు చేయించి చూపించండి.

లోతు సముద్రంలో

లోతులో మొదట వెతకవలసింది మంచి నీటిని. చేప దాని వెంటే దొరుకుతుంది. ఉపగ్రహం తీసిన ఉపరితల ఉష్ణోగ్రత పటాల్లో రంగు ఒక్కసారిగా మారే గీతను, అడుగు పటంలో లోతు హఠాత్తుగా పడిపోయే అంచును పక్కపక్కన పెట్టి చూసి, ఆ రెండూ కలిసే చోటికి దారి పెట్టండి. మబ్బు పట్టిన రోజు ఆ పటాల్లో ఖాళీలుంటాయి కాబట్టి రెండు మూడు రోజుల పటాలు చూడాలి. అక్కడికి చేరాక కళ్ళే సాధనం. ఆకుపచ్చ నీరు నీలంగా మారే గీత, తేలే నాచు బారులు, కొట్టుకొచ్చిన దుంగ, పక్షులు, ఇవన్నీ గుర్తులే. సముద్రపు పక్షులు గుంపుగా నీటిలోకి దూకుతుంటే కింద ఎరచేపలను పైకి తరిమే గుంపు ఉందని అర్థం. బోటును ఆ గుంపులోంచి ఎప్పుడూ పోనివ్వకూడదు. అంచు వెంట తిప్పి, ఎరలు మాత్రం గుంపు ముందు నుంచి పోయేలా చూడాలి.

కృత్రిమ ఎరలతో ట్రోలింగ్‌కు 6 నుంచి 9 నాట్ల వేగం సరిపోతుంది. బతికిన ఎరను ఈడ్చేటప్పుడు 2 నుంచి 3 నాట్లకు దింపాలి. వాహూ చేప కోసం ప్రత్యేకంగా చేసిన బరువైన ఎరలను 12 నాట్లకు పైన కూడా ఈడుస్తారు. ఎరలన్నీ ఒకే దూరంలో ఉండకూడదు; బోటు వెనుక లేచే అలలను లెక్కపెట్టి, ఒకటి రెండో అల మీద, ఒకటి నాలుగో అల మీద, ఒకటి ఇంకా దూరాన, ప్రతి ఎరా అల ముందు వాలు మీద ఉండేలా లైను వదలాలి. సరిగ్గా నడిచే ఎర నీటి పైకి వచ్చి గాలి పీల్చి, మునిగి, తోకలా బుడగల బారును వెనుక వదులుతుంది. ఊరకే పల్టీలు కొడుతున్నా, బుడగలు లేకుండా పోతున్నా దాన్ని దగ్గరికి తెచ్చి చూడండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు గాలానికి నాచు తగులుకుని ఉంటుంది.

చేప తగిలిన వెంటనే బోటు ఆపేయవద్దు. కొన్ని క్షణాలు అదే వేగంలో పోనిస్తే గుంపులోని రెండోది, మూడోది కూడా తగులుతుంది. మహీ మహీ చేపల గుంపు దొరికినప్పుడు పట్టిన చేపల్లో ఒకదాన్ని బోటు పక్కనే నీటిలో ఉంచితే మిగతావి దాన్ని వదిలి పోవు. ఎవరి వంతు ఎప్పుడన్నది ఉదయమే తేల్చి ఉంచాలి, లేకపోతే ఆ హడావిడిలో నలుగురూ ఒకే రాడ్ మీద పడతారు. పెద్ద చేపతో పెనుగులాడే మనిషికి చేతులతో లాగవద్దని, కాళ్ళూ నడుమూ వాడి రాడ్ ఎత్తి, దించుతూ రీల్ తిప్పమని చెబుతూ ఉండాలి. మధ్యమధ్య నీళ్ళు తాగించాలి.

చేపను వదిలే తీరు, ఉంచుకునే తీరు

వదలదలచిన చేపను తడి చేతులతోనే ముట్టాలి, ఒంటి మీది జిగురు పొర పోతే దానికి జబ్బులు సోకుతాయి. కొమ్ముకోనాం, మార్లిన్ వంటి వాటిని అసలు నీటి నుంచి ఎత్తకూడదు. అలసిన చేపను కొమ్ము పట్టుకుని తల ముందుకు ఉంచి, బోటును నెమ్మదిగా పోనిస్తే మొప్పల గుండా నీరు పారి దానికి ఊపిరి తిరుగుతుంది. రంగు తేరి, తోక గట్టిగా కొట్టి, తానే విడిపించుకున్నప్పుడు చేయి తీయండి. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలో ఫ్రాంక్ మాథర్ 1954లో మొదలుపెట్టిన ట్యాగుల కార్యక్రమం, ఇలా సరదా వేటగాళ్ళు గుర్తు వేసి వదిలిన చేపల ఆధారంగానే నడిచింది. మీ ప్రాంతంలో అలాంటి కార్యక్రమం ఉంటే అతిథులను అందులో చేర్పించండి. ట్యాగు వేసి వదిలిన చేప గురించి వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు.

అడుగు నుంచి లాగిన చేపల సంగతి వేరు. ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, 40 మీటర్ల లోతున ఉన్న గ్రూపర్‌నో స్నాపర్‌నో పైకి తెచ్చేసరికి దాని గాలితిత్తిలోని వాయువు ఐదు రెట్లు ఉబ్బుతుంది. కళ్ళు బయటికి పొడుచుకొస్తాయి, కడుపు తిరగబడి నోట్లోకి వస్తుంది. ఆ ఉబ్బిన కడుపును సూదితో పొడవడం తప్పు. బరువు కట్టిన డిసెండర్ పరికరాన్ని చేప దవడకు పట్టించి మళ్ళీ అడుగుకు దింపితే, ఒత్తిడికి వాయువు తిరిగి కుదించుకుని చేప తేరుకుంటుంది. పరికరాన్ని బరువు కట్టి, లైనుకు తగిలించి, మొదటి గాలం వేయకముందే చేతికందేలా ఉంచండి. చేప పైకొచ్చాక వెతకడం మొదలుపెడితే దాని సమయం అయిపోతుంది.

ఉంచుకునే చేపను వెంటనే చంపి, మొప్పల దగ్గర కోసి రక్తం వదలనిచ్చి, మంచులో పెట్టాలి. ట్యూనా ఒంటివేడి చుట్టూ ఉన్న నీటికంటే ఎక్కువ, పెనుగులాటలో ఇంకా పెరుగుతుంది. మంచు గడ్డల మీద ఊరకే పడేస్తే లోపలి కండ చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. మంచులో సముద్రపు నీరు కలిపి జావలా చేసి అందులో ముంచితే అన్ని వైపుల నుంచీ చల్లదనం తాకుతుంది. ఇది రుచి కోసం మాత్రమే కాదు. ట్యూనా, వంజరం, మహీ మహీ వంటి చేపలు వెచ్చగా ఉండిపోతే బ్యాక్టీరియా వల్ల కండలో హిస్టమిన్ పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు, తిన్నవారికి ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. మీ బోటు మీద పట్టిన చేప తిని అతిథి ఇంట్లో ఎవరూ బాధపడకూడదు.

లాగ్‌బుక్, సీజన్ ముగింపు

తిరిగివచ్చాక ఇంజిన్‌లోకి మంచినీళ్ళు పారించి, రాడ్లనూ రీళ్ళనూ సన్నటి ధారతో కడగండి. జోరు ధార పెడితే ఉప్పు రీల్ లోపలికి పోతుంది. ఆ తర్వాత, ఎంత అలసినా, లాగ్‌బుక్ రాయండి. సమయం, పోటు దశ, నీటి వేడి, నీటి రంగు, లోతు, గాలి, ఎర, ఏమి దొరికింది. ఏమీ దొరకని రోజునూ అంతే వివరంగా రాయాలి. మంచి రోజులు మనకు గుర్తుంటాయి, ఖాళీ రోజులను కాగితమే గుర్తుపెట్టుకోవాలి. బయటికి వెళ్ళాలా వద్దా అని తటపటాయించిన ఉదయాల్లో ఏమి సూచన చూశారో, సాయంత్రానికి మొగ నిజంగా ఎలా ఉందో ఒక వరుసలో రాసుకోండి. రెండు సీజన్లు అలా రాస్తే మీ తీరానికి, మీ బోటుకు సరిపోయే హద్దు ఎంత గాలి, ఎంత అల అన్నది ఆ పేజీల్లోనే తేలుతుంది.

చివరి యాత్ర అయ్యాక ఇంధనం నిల్వలో పాడవకుండా కాపాడే స్టెబిలైజర్‌ను అందులో కలిపి ఇంజిన్‌ను కాసేపు నడిపించండి, గేరు ఆయిల్ అప్పుడే మార్చేయండి. నీరు చేరిన ఆయిల్ నెలల తరబడి లోపల ఉండిపోతే గేర్లు తుప్పు పడతాయి. గడువు తీరబోయే మంటల సిగ్నళ్ళ తేదీలను లాగ్‌బుక్ చివరి పేజీలో రాయండి. రీళ్ళన్నిటి డ్రాగ్‌లనూ పూర్తిగా వదులు చేసి, బిగువులో ఉండి వాషర్లు అణిగిపోకుండా, ఆ తర్వాతే అరలో పెట్టండి.